గువ్వని ఎక్కడ చేర్చాలన్న గొడవ

మా వదినంటే నాకు పడదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది, లేకపోతే ఆమెను మెచ్చుకుంటున్నానని ఎవరైనా పొరబడతారు. ఆడబిడ్డ అర్ధమొగుడని సామెత. ఆ సగం వాటా హక్కుతోనే ఈ మాటలు రాస్తున్నాను. మిగతా సగం మా అన్నయ్యది. ఆయన కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. ఊళ్ళో అందరి చూపూ సరిచేస్తాడు గానీ పెళ్ళాం ఎదుట నోరు మెదపడు. అందుకని ఆయన తరఫు మాటలు కూడా నేనే ఆడాల్సి వస్తుంది.

వదిన సిటీ బస్సులో కండక్టరు. మనిషి నాలుగడుగుల పైన కాస్త చిల్లర. గొంతు మాత్రం వెనక తలుపు దగ్గర బయలుదేరి, దారిలో నిలబడ్డ వాళ్ళందరినీ తోసుకుంటూ డ్రైవరు చెవి దాకా వెళుతుంది. బస్సు ఎంత ఊగినా కడ్డీ పట్టుకోదు. సీటు అంచుకు నడుము ఆనించి, రెండు చేతులూ పనిలో పెట్టుకుని నిలబడుతుంది. ఇంట్లో కూడా అదే అలవాటు. నిలబడే తింటుంది, నిలబడే తిడుతుంది. కూర్చోమంటే, "కూర్చుంటే మళ్ళీ లేవాలిగా" అంటుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ లెక్కన ఆమెకు ఏ ఊరూ మంచిది కాకూడదు.

ఆమె మొదట డిపోలో బస్సులు కడిగేదట. కండక్టరు పరీక్ష రాస్తానంటే అక్కడి మగవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారట. ఉద్యోగం వచ్చిన కొత్తలో ఎవరూ ఆమె మాట వినిపించుకునేవాళ్ళు కాదు. టికెట్టు అడిగితే కిటికీ బయటికి చూసేవాళ్ళు. ఒకరోజు ఆమె బస్సును నడిరోడ్డు మీద ఆపించి, అందరూ టికెట్టు తీసుకునేదాకా కదలదని చెప్పి, మెట్టు మీద నిలబడి జామకాయ తిన్నదట. వెనక బళ్ళన్నీ హారన్లు కొడుతున్నా కాయ పూర్తయ్యేదాకా నములుతూనే ఉందట. ఈ కథ ఆమె చెప్పలేదు, డ్రైవరు చెప్పాడు. ఆమె తన గురించి ఏదీ చెప్పదు. అదొక పొగరు.

అన్నయ్య ఆమెకు దొరికింది కూడా ఆ బస్సులోనే. ఒక స్టాపుకు టికెట్టు తీసుకుని, కునుకు పట్టి తరవాతి స్టాపు దాకా వెళ్ళాడట. అంత జనంలో నిలబెట్టి కడిగేసి, వానలో దింపేసింది. మర్నాడు అదే బస్సెక్కి, నిన్నటి ఆ ఒక్క స్టాపుకూ టికెట్టు కొట్టమని చేయి చాపాడు మా వెర్రిబాగులవాడు. అప్పుడు నవ్విందట. ఆ నవ్వు నేనింతవరకూ చూడలేదు. మా ఇంట్లో అడుగుపెట్టిన రోజే నా కుట్టుమిషను కిటికీకి అడ్డంగా ఉందని జరిపించింది. ఆనాటి నుంచి మేమిద్దరం ఉప్పూ నిప్పూ.

నా కాపురం సంగతి ఇక్కడ అనవసరం. తిరిగొచ్చాను, అన్నయ్య ఇంట్లో ఉంటున్నాను, చొక్కాల కంపెనీకి కాజాలు కుట్టి ఇస్తాను. వదిన డ్యూటీకి పోతే పిల్లను చూసుకునేది నేను. పిల్లంటే గువ్వ. అసలు పేరు బడికి వెళ్ళేనాటికి పనికొస్తుందని దాచి ఉంచాం.

గువ్వకు మూడేళ్ళు దాటినా మాట లేదు. పిలిస్తే తిరగదు. ఎత్తుకుంటే కర్రలా బిగుసుకుపోతుంది. నా గుండీల డబ్బా బోర్లించి, రెండు కన్నాలవీ నాలుగు కన్నాలవీ విడదీసి గచ్చు మీద బారుగా పేరుస్తుంది. ఆ బారులో ఒక్కటి కదిలిందంటే ఇల్లెగిరిపోయేలా ఏడుస్తుంది. పక్కింటావిడ చెవుడేమో అంది. చెవుడు కాదు, వీధి చివర బస్సు ఆగి బుస్సుమని గాలి వదిలితే మేడ మీద ఉన్న పిల్ల కిటికీ దగ్గరికి పరిగెత్తేది.

పిల్లల డాక్టరు కొన్నిసార్లు రమ్మని, తనూ నేల మీద కూర్చుని ఆడించి చూసి, ఆటిజం అన్నాడు. జబ్బు కాదన్నాడు, మందు లేదన్నాడు, మెదడు తీరే అంత అన్నాడు. చిన్నప్పుడే సాయం మొదలుపెడితే మంచిదన్నాడు. ఏ సాయం, రోజుకు ఎంతసేపు అని అన్నయ్య అడిగితే, "ఒక్కో పిల్లకి ఒక్కోటి నప్పుతుందండి. మీరు చూసి తేల్చుకోవాలి. పూర్తిగా నయం చేస్తామనే వాళ్ళ దగ్గర మాత్రం జాగ్రత్త" అన్నాడు. తేల్చుకోవాలట! కిటికీ తెరవాలా మూయాలా అన్నది తేలక మా ఇంట్లో రోజూ రభస.

మా ముందు రెండు దారులున్నాయి. ఒకటి పెద్ద సెంటరు. పొద్దున దింపితే సాయంత్రం దాకా, వారం పొడుగునా, బల్ల ముందు కూర్చోబెట్టి, బొమ్మల కార్డులు చూపిస్తూ ఒక్కొక్కటే నేర్పుతారు. రెండోది, ఒక టీచరమ్మ వారంలో ఒకటి రెండుసార్లు ఇంటికి వచ్చి నేర్పడం. అదీ పిల్లకు కాదు, ఇంట్లోవాళ్ళకు. పిల్లతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో, ఎప్పుడు ఊరుకోవాలో మనం నేర్చుకుని మిగతా రోజులంతా మనమే చెయ్యాలి.

నాకు సెంటరే నచ్చింది. ఎందుకు నచ్చిందో దాచను. పొద్దస్తమానం ఆ ఏడుపు వినేది నేను. కాజా కుడుతుండగా ఆ కేక పడితే సూది వేలిలో దిగేది. పిల్లను దింపివచ్చి ఒక్క పూట నెమ్మదిగా మిషను తొక్కుకోవాలని నాకుండదా? అన్నయ్యకు ఇంకో భయం. ఎక్కడో ఏదో తలుపు మూసుకుపోతోందని, ఆలస్యం చేస్తే ఇక తెరుచుకోదని ఆయన నిద్ర మానేశాడు.

"టైం పోతోంది. మొక్కై వంగనిది మానై వంగుతుందా?" అన్నాడు ఒకరోజు టీ తాగుతూ.

"వంచటానికి అదేమన్నా మొక్కా? అయినా మొక్కకి నీళ్ళు పోస్తారా, వంచుతూ కూర్చుంటారా?" అంది వదిన.

"అంటే, ఏం చెయ్యకుండా ఊరుకుందామా?"

"ఊరుకుందామన్నానా? చూసి ఎక్కుదాం అంటున్నా. బోర్డు చూడకుండా ఎక్కేసి, తర్వాత నా మీద పడి ఏడ్చేవాళ్ళు నాకు రోజూ తగుల్తారు."

సెంటరు చూడడానికి ముగ్గురం వెళ్ళాం. వదిన డ్యూటీ దిగి నేరుగా యూనిఫాంలోనే వచ్చింది, తనిఖీకి వచ్చినట్టు. లోపల లేత రంగు గోడలు, నునుపు బల్లలు, చిన్న చిన్న కుర్చీలు. ప్రతి గదికీ ఒక పక్క అద్దం. ఇవతల నుంచి మనకు లోపలివాళ్ళు కనిపిస్తారు, వాళ్ళకు మనం కనిపించం. పెద్ద మేడం ఓపికగల మనిషి. అన్నీ విడమరిచి చెప్పింది. ఎక్కువ గంటలు కూర్చుంటే ఎక్కువ ఫలితం ఉంటుందంది. ఇక్కడి నుంచి మామూలు బడికి వెళ్ళిన పిల్లల ఫోటోలు గోడ మీద చూపించింది.

"వీళ్ళు చివరిదాకా వెళ్ళినవాళ్ళు. మధ్యలో దిగిపోయినవాళ్ళో?" అంది వదిన.

"కొంతమంది మానేస్తారండీ. ఇళ్ళు మారతారు, కొందరికి కుదరదు."

"ఎందుకు దిగారని అడిగారా?"

మేడం ఆలోచించి, "అందరినీ అడగలేదు" అంది.

"పిల్ల ఏడిస్తే?"

"మొదట్లో ఏడుస్తారు. తర్వాత అలవాటవుతుంది."

"అలవాటవటమా, అలిసిపోవటమా?"

నాకు తల కొట్టేసినట్టయింది. అన్నయ్య ఫోటోల వైపు తిరిగి, ఉన్న కళ్ళజోడునే మళ్ళీ మళ్ళీ తుడుచుకున్నాడు. బయట పేవ్‌మెంటు మీదకు రాగానే అడిగేశాను. "నువ్వసలు కన్నతల్లివేనా?"

"కాదు, కండక్టర్ని" అని, వచ్చిన బస్సెక్కి వెళ్ళిపోయింది.

టీచరమ్మకూ అదే మర్యాద జరిగింది. పాపం పెద్దావిడ, మోకాళ్ళ నొప్పులతో మా మెట్లన్నీ ఎక్కి వచ్చింది. నయమవుతుందా అని వదిన అడిగితే, నయం కావడానికి జబ్బు కాదుగా అంది. మరేమవుతుందని అడిగితే, "పాప చెప్పేది మీకింకొంచెం తెలుస్తుంది. మీరు చెప్పేది పాపకింకొంచెం తెలుస్తుంది. అంతకు మించి నేను మాటివ్వలేనమ్మా" అంది.

"ఆ మాత్రానికి ఇంత దూరం రావటమెందుకు?" అంది వదిన. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. నేనే ఇచ్చాను.

ఆ తరవాత అన్నయ్యా నేనూ ఒకటై పోరు పెట్టాం. పొద్దున లేస్తే అదే మాట, ఆమె సంచి తగిలించుకుంటుంటే అదే మాట. నీ పంతం కోసం పిల్ల బతుకు పాడుచేస్తున్నావని నేను, ఎన్ని రోజులు పోయాయో చూడమని ఆయన. చివరికి అన్నయ్య ఏడ్చాడు. అద్దాల పొడి పడినట్టు కళ్ళు నలుపుకుంటూ పసివాడిలా ఏడ్చాడు. వదిన ఆ ఒక్కదానికీ తట్టుకోలేకపోయింది.

"సరే, కొన్నాళ్ళు చూద్దాం. నేనెప్పుడొచ్చినా లోపలికి రానివ్వాలి" అంది. మేడం ఒప్పుకుంది.

దింపేదీ తెచ్చేదీ నేనే. మొదట్లో గువ్వ ఆ గుమ్మం చూడగానే నా మెడ రక్కేది. కొన్నాళ్ళకు రక్కడం మానేసింది, ఏడుపూ తగ్గింది. నేను అద్దం ఇవతల బెంచీ మీద కూర్చుని చూసేదాన్ని. లోపల చిన్న టీచరు ఒకమ్మాయి, గొంతు తేనె. ఏ కార్డు చూపించినా, ఏ పని చేసినా "రైట్! గుడ్!" అంటూ నవ్వుతూ ఉండేది.

ఒకరోజు ఆ అమ్మాయి బంతి బొమ్మ ఎత్తి, "ఇది బంతి, రైట్?" అంది.

"రైట్" అంది గువ్వ.

అద్దం ఇవతలికి స్పష్టంగా వినిపించింది. టీచరు గంతేసింది, చప్పట్లు కొట్టింది, బిస్కెట్టు ముక్క నోట్లో పెట్టి తరవాతి కార్డు తీసింది. ఇది కప్పు అంది. గువ్వ "రైట్" అంది. ఇంకో ముక్క, ఇంకో కార్డు. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఫోను చేస్తే అన్నయ్య దుకాణం వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరం అద్దానికి ముక్కులు ఆనించి చప్పట్లు కొట్టాం. మేడం కూడా వచ్చి, "అవును అనే అర్థంలో వాడుతోంది. ఇది పెద్ద మెట్టు" అంది. పక్కింటావిడకు చెప్పాను, చొక్కాల కంపెనీ సూపర్‌వైజరుకు చెప్పాను, అడగనివాళ్ళకు కూడా చెప్పాను.

వదినకు చెప్పలేదు. చెప్పొద్దని అన్నయ్యతో కూడా ఒట్టు వేయించుకున్నాను. తనే వచ్చి, తన కళ్ళతో చూసి, నా ఎదుట తల దించుకోవాలి. అదీ నా కోరిక.

ఆమె రెండు ట్రిప్పుల మధ్య ఖాళీలో వచ్చింది. భుజాన సంచి అలాగే ఉంది. "రా రా, నీ అనుమానాలన్నీ తీరిపోతాయి" అని చేయి పట్టుకుని అద్దం దగ్గరికి లాక్కెళ్ళాను. లోపల టీచరు కార్డు ఎత్తింది. గువ్వ కార్డు వైపు చూడలేదు. తలుపు వైపు చూసి, "రైట్ రైట్" అంది. బిస్కెట్టు వచ్చింది. నమిలి మింగింది. మళ్ళీ తలుపు వైపే చూస్తూ, ఈసారి గట్టిగా, "రైట్ రైట్" అంది. ఇంకో కార్డు లేచింది.

"చూశావా?" అన్నాను.

వదిన నా వైపు తిరగలేదు. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. గువ్వ కుర్చీలోంచి జారి, పరిగెత్తుకొచ్చి, ఆమె సంచి పట్టుకుని గుమ్మం వైపు లాగడం మొదలుపెట్టింది.

"ఇలా ఎన్నాళ్ళ నుంచి అంటోంది?" అని వదిన టీచరును అడిగింది.

"రోజూ అంటుందండీ!" ఆ అమ్మాయి మొహం వెలిగిపోతోంది. "ఎన్నిసార్లో! అన్న ప్రతిసారీ మెచ్చుకుంటున్నాం."

"మీరు బస్సెప్పుడూ ఎక్కలేదా?" అంది వదిన. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "జనం ఎక్కాక నేను రైట్ రైట్ అంటాను. బండి కదలమని. ఇంట్లో దీన్ని చంకనేసుకుని గడప దాటేటప్పుడూ అదే అంటాను, నోటికి అలవాటు. ఇది మీకు అవునని చెప్పట్లేదమ్మా. పోదాం అంటోంది."

ఆ అమ్మాయి చేతిలో కార్డు అలాగే ఉండిపోయింది. మేడం వచ్చింది, విన్నది. తరవాత, "తెలియక జరిగిందండీ. ఇక ఆ మాట అనగానే ఆపుతాం. దాన్ని పట్టుకునే మిగతావి నేర్పుదాం" అంది. న్యాయమైన మాటే. వదిన కూడా మంచిదండీ అంది. అని గువ్వను ఎత్తుకుని మెట్లు దిగిపోయింది. ఆ పూట ఆమె బస్సులో గువ్వ కూడా ట్రిప్పు వేసిందని తరవాత డ్రైవరు చెప్పాడు.

సాయంత్రం మా ఇంట్లో జరిగిన యుద్ధం వీధి వీధంతా విన్నది. అన్నయ్య మొదటిసారి గొంతెత్తాడు. "ఒక్క పొరపాటుకి అంతా మానేస్తావా? వాళ్ళు ఒప్పుకున్నారుగా. మంచివాళ్ళు. మళ్ళీ అలాంటి చోటు దొరుకుతుందా?"

"మంచివాళ్ళే. వాళ్ళ తప్పేం లేదు. వాళ్ళకి దాని మాట తెలీదు. మీకు తెలుసు."

అన్నయ్య నా వైపు తిరిగాడు.

"రోజూ పొద్దున మీ ఇద్దరి మొహాల ముందు అనే మాట" అంది వదిన. "ఈ ఇంటి గోడలకి కూడా వచ్చు. అది లోపల కూర్చుని పోదాం పోదాం అంటుంటే, మీరు అద్దం ఇవతల చప్పట్లు కొట్టారు. మాట రావట్లేదనే కదా తీసుకెళ్ళారు? వచ్చింది. వచ్చినప్పుడల్లా నోట్లో ముక్క కుక్కి ఇంకో కార్డు తీశారు. ఇంకొన్నాళ్ళు పోతే అది కూడా మానేసేది. మాటతో పని జరగదని తెలిశాక ఎవరు మాత్రం మాట్లాడతారు?"

అన్నయ్య మంచం మీద కూలబడ్డాడు. ఆయన మొహం చూసి నాకు ఒళ్ళు మండింది. నిజమే అయితే మాత్రం, పుండు మీద కారం చల్లాలా?

"బాగానే చెప్తావమ్మా! నువ్వు సంచి తగిలించుకుని పోతావు. ఆ టీచరమ్మ దగ్గర కూర్చుని నేర్చుకునేదెవరు? పొద్దంతా నేల మీద దేకుతూ ఆడేదెవరు? నేనేగా!" అన్నాను.

"అవును, నువ్వే" అంది. "దాని ఏడుపుల్లో ఏది ఆకలో ఏది నిద్రో నాకంటే నీకే తెలుసు. అందుకే నువ్వే."

అది పొగడ్తో తిట్టో తేలలేదు. తిట్టు కిందే జమ వేసుకున్నాను.

ఒక ఏడాది ఇలా చూద్దాం, కుదరకపోతే మళ్ళీ మేడం దగ్గరికే వెళ్దాం అన్న ఒప్పందం మీద యుద్ధం ఆగింది. అన్నయ్య సెలవు రోజు పిల్లతో కూర్చునే వంతు ఆయనది, తెల్లవారుజాము డ్యూటీ వేయించుకుని వచ్చాక మధ్యాహ్నాలు వదినవి, మిగతా పొద్దంతా నాది. టీచరమ్మను మళ్ళీ పిలవడానికి వదినే స్వయంగా వెళ్ళింది. ఏమని పిలిచిందో గానీ, ఆవిడ వచ్చింది. ఈసారి మంచినీళ్ళు వదినే ఇచ్చింది.

ఆవిడ మాకు మొదట నేర్పింది ఒకటే. "పాప చెప్పింది చెల్లాలి. చెయ్యి తోసినా, మొహం తిప్పినా, మాటన్నా సరే. వద్దంటే అక్కడితో ఆగాలి."

"అలా అయితే నెత్తికెక్కదా?" అన్నాను.

"ముందు మీ దగ్గర దాకా రానివ్వండమ్మా. నెత్తి సంగతి తర్వాత" అంది.

నెలల తరబడి నేల మీద కూర్చున్నాను. నా కాజాలు వెనకబడ్డాయి, కంపెనీవాడితో మాటలు పడ్డాను. మేం పట్టింది సరైన దారేనో కాదో నాకిప్పటికీ తెలియదు. పక్క వీధి పిల్లవాడు ఆ సెంటరుకే వెళ్ళి ఇప్పుడు పాటలు పాడుతున్నాడు. వాణ్ణి చూసినప్పుడల్లా వదిన మీద కోపం కొత్తగా పుట్టుకొస్తుంది. వాణ్ణి చూసిన రోజు ఆమె కూడా ఎవరితోనూ మాట్లాడదు.

మొన్న ఒక మధ్యాహ్నం గువ్వ వరండాలో మగ్గుతో గ్లాసుల్లోకి నీళ్ళు వంపుతోంది. ఈ ఆట ఈ మధ్యే మొదలైంది. ఒక గ్లాసు తను నింపుతుంది, ఒకటి నాకు వదులుతుంది. నేను నింపాక దాని అంచు దాకా వంగి చూస్తుంది. ఆ పూట వంతు వదినదే గానీ, ఆమె పక్కనే యూనిఫాం ఉతికి పిండుతోంది. ఆమె చూస్తుండగా నాకు ఆశ పుట్టింది. గువ్వ గ్లాసు కూడా నేనే అందుకుని, "అత్త అను, ఇస్తాను. అత్త, అత్త" అన్నాను. అలా బేరాలు పెట్టొద్దని టీచరమ్మ ఎన్నిసార్లు చెప్పిందో.

గువ్వ ఏడవలేదు. బిగుసుకుపోలేదు. గ్లాసు పట్టుకున్న నా చేతిని తన రెండు తడిచేతులతో పట్టుకుని నా ఒళ్ళోకి తోసింది. ఎప్పుడూ పక్కకు జారిపోయే ఆ కళ్ళు నా మొహం మీద నిలబడ్డాయి.

"పో" అంది.

కడిగి, తుడిచి, తినిపించి, రక్కించుకుని ఇన్నాళ్ళు సాకితే, నా మేనకోడలు నాతో అన్న మొదటి మాట అది. కోపం వచ్చింది, చాలా వచ్చింది. వదిన వైపు చూశాను. ఆమె పెదవి ఏమాత్రం కదిలినా ఆరోజు ఇద్దరిలో ఒకరే మిగిలేవాళ్ళం. కదలలేదు. పిండడం ఆపి, తడిచొక్కా అలాగే పట్టుకుని, నేనేం చేస్తానో చూస్తోంది.

గ్లాసు కింద పెట్టాను. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాను. పోయాను.